లినక్స్ ల్యాప్‌టాప్‌లో వైఫై రావట్లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

లినక్స్ వాడే వాళ్లలో ఎవరికి వైఫై ఆగిపోయినా అడిగే ప్రశ్నలు అటూ ఇటూగా అవే. విడివిడిగా జవాబు చెప్పీ చెప్పీ, చివరికి అన్నీ ఒక్కచోట పెడితే మేలని ఇది రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట. వైఫై రాలేదని సిస్టమ్ మొత్తం తుడిచేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి, ఎక్కడో దొరికిన కమాండ్లు అర్థం కాకుండా వరసపెట్టి కొట్టకండి. వైఫై ఒక్క పని కాదు. కార్డు కనపడాలి, దానికి డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) తగులుకోవాలి, ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రామ్) ఎక్కాలి, రేడియో ఆన్ కావాలి, నెట్‌వర్క్ దొరకాలి, పాస్‌వర్డ్ కుదరాలి, ఐపీ అడ్రస్ రావాలి, ఆ తర్వాత సైట్ పేరుని అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్ పనిచేయాలి. వీటిలో ఎక్కడ తెగిందో కనిపెట్టడమే అసలు పని, అది తెలిశాక సరిచేయడానికి చాలాసార్లు రెండు నిమిషాలు కూడా పట్టదు.

కమాండ్లను పలికినట్టుగా తెలుగులో రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి.

## మొదలుపెట్టే ముందు

నెట్ లేకుండా డ్రైవర్ డౌన్‌లోడ్ చేసేదెలా?

ఫోన్ ఉంటే చాలు. డేటా కేబుల్‌తో ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లినక్స్ దాన్ని మామూలు వైర్డ్ నెట్‌వర్క్‌లా చూస్తుంది, విడిగా ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే తాను వైఫైలో ఉన్నా సరే ఆ నెట్‌నే కేబుల్ మీదుగా ఇస్తుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు. ఐఫోన్ మాత్రం మొబైల్ డేటానే పంచుతుంది, పైగా ల్యాప్‌టాప్‌లో “యూఎస్‌బీమక్స్‌డీ” ప్యాకేజీ ఉండాలి, అది చాలా డిస్ట్రోల్లో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకాల్లో) ముందే ఉంటుంది. టెథరింగ్ ఆప్షన్ వెలిసిపోయినట్టు కనిపిస్తే ముందు కేబుల్ మార్చి చూడండి. కొన్ని కేబుళ్లలో ఛార్జింగ్ తీగలు తప్ప డేటా తీగలు ఉండవు.

తప్పు ల్యాప్‌టాప్‌దా, రౌటర్‌దా?

రెండు పరీక్షలు చేయండి. ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి ల్యాప్‌టాప్‌ని దానికి కలపండి. కలిసి, నెట్ కూడా వస్తే ల్యాప్‌టాప్ కార్డు, డ్రైవర్ బాగున్నట్టే, గొడవ రౌటర్ సెట్టింగ్స్‌లోనో ఆ నెట్‌వర్క్ కోసం ల్యాప్‌టాప్‌లో సేవ్ అయిన ప్రొఫైల్‌లోనో ఉంది. కలవకపోతే ఏదైనా కొత్త డిస్ట్రోని పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌గా బూట్ చేసి చూడండి. అందులో వైఫై వస్తే హార్డ్‌వేర్ బాగుంది, మీ సిస్టమ్‌లోనే ఏదో మారింది. అందులోనూ రాకపోతే కార్డు పాడైందనో, దానికి కెర్నెల్‌లో (లినక్స్ మూలభాగంలో) ఇంకా మద్దతు లేదనో అనుకోవచ్చు. నా దగ్గరికి వచ్చిన కేసుల్లో చాలా వాటిని ఈ లైవ్ పెన్‌డ్రైవే తేల్చేసింది, అందుకే ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోమంటాను.

లాగ్ (సిస్టమ్ రాసుకునే చిట్టా) చూడమంటారు సరే, అంత పెద్ద లాగ్‌లో ఏం చూడాలి?

మొత్తం చదవక్కర్లేదు. కార్డు, డ్రైవర్ సంగతులకి కెర్నెల్ లాగ్ చాలు: “సూడో డీఎంఈఎస్‌జీ” (సూడో అంటే అడ్మిన్ హక్కుతో నడపడం). అందులో ఫర్మ్‌వేర్ అన్న మాట కోసం, మీ డ్రైవర్ పేరు కోసం వెతకండి. పాస్‌వర్డ్, ఐపీ లాంటి వాటికి “జర్నల్‌సీటీఎల్ -బీ -యు నెట్‌వర్క్‌మేనేజర్”. ఇందులో నెట్‌వర్క్‌మేనేజర్ అన్నది కనెక్షన్లు చూసుకునే సర్వీస్, -బీ అంటే ఈసారి బూట్ అయినప్పటి నుంచి మాత్రమే అని. ఇంకా తేలిక పద్ధతి ఏంటంటే, ఒక టెర్మినల్‌లో “జర్నల్‌సీటీఎల్ -ఎఫ్” నడుస్తూ ఉండగా పక్కన వైఫై కనెక్ట్ నొక్కండి. ఆ క్షణంలో వచ్చే ఇరవై ముప్పై లైన్లలోనే మీకు కావాల్సింది ఉంటుంది.

## వైఫై అన్న ఆప్షనే లేనప్పుడు

సెట్టింగ్స్‌లో వైఫై అన్న మాటే కనపడట్లేదు. కార్డు పోయిందా?

కంగారు పడకండి, కార్డు నిజంగా పోవడం తక్కువ. “ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే” కొట్టండి. పెద్ద లిస్టు వస్తుంది, అందులో నెట్‌వర్క్ కంట్రోలర్ అని ఉన్న చోట ఆగండి. దాని కింద “కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్” అనే లైను ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. లైను ఉంటే డ్రైవర్ తగులుకుంది, సమస్య ఫర్మ్‌వేర్‌లోనో రేడియో బ్లాక్‌లోనో ఉంది. ఆ లైను లేకపోతే డ్రైవర్ లేదు. పక్కనే చదరపు బ్రాకెట్లలో నాలుగు అక్షరాలు, కోలన్, మళ్లీ నాలుగు అక్షరాలు ఉంటాయి. అదే మీ కార్డు అసలు గుర్తింపు, డ్రైవర్ కోసం వెతికేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ పేరుతో కాకుండా ఆ నంబరుతో వెతకండి. ఒకే మోడల్ ల్యాప్‌టాప్‌లో కంపెనీలు రెండు మూడు రకాల వైఫై కార్డులు వేస్తుంటాయి.

కార్డు లిస్టులోనే లేకపోతే బయాస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే తెరవగలిగే మూల సెట్టింగ్స్‌లో) వైర్‌లెస్ డిజేబుల్ అయి ఉందేమో చూడండి. అక్కడా ఆన్‌లోనే ఉంటే ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టి మళ్లీ ఆన్ చేయండి. మూర్ఖంగా అనిపించినా, బిగుసుకుపోయిన కార్డు మళ్లీ లేవడానికి ఇది నిజంగా పనిచేస్తుంది.

డ్రైవర్ ఉందంటోంది, అయినా వైఫై లేదు. ఈ ఫర్మ్‌వేర్ ఏంటి మళ్లీ?

డ్రైవర్ మీ కంప్యూటర్ ప్రాసెసర్ మీద నడుస్తుంది. ఫర్మ్‌వేర్ కార్డులో ఉన్న చిన్న ప్రాసెసర్ మీద నడుస్తుంది. చాలా కార్డులు ఆ ఫర్మ్‌వేర్‌ని తమలో దాచుకోవు, ప్రతి బూట్‌లో లినక్స్ దాన్ని “/లిబ్/ఫర్మ్‌వేర్” ఫోల్డర్ నుంచి తీసి వాటికి అందించాలి. ఆ ఫైల్ లేకపోతే డ్రైవర్ ఉన్నా కార్డు మూగగా ఉండిపోతుంది.

కెర్నెల్ లాగ్‌లో “డైరెక్ట్ ఫర్మ్‌వేర్ లోడ్... ఫెయిల్డ్ విత్ ఎర్రర్ -2” అని వస్తే ఆ ఫైల్ దొరకలేదని అర్థం. అయితే ఇక్కడ చాలామంది పొరబడతారు. ఇంటెల్ డ్రైవర్ ముందు కొత్త వెర్షన్ ఫర్మ్‌వేర్ కోసం వెతుకుతుంది, లేకపోతే ఒక్కో మెట్టు దిగుతూ పాతవి చూస్తుంది, ప్రతి మెట్టు దగ్గరా ఇదే ఎర్రర్ రాస్తుంది. చివరికి “లోడెడ్ ఫర్మ్‌వేర్ వెర్షన్” అన్న లైను వచ్చిందంటే అంతా బాగున్నట్టే, ఆ పై ఎర్రర్లు పట్టించుకోకండి. ఆ లైను రాకపోతేనే ఫర్మ్‌వేర్ ప్యాకేజీ వేయాలి. ఉబుంటు, ఆర్చ్‌లలో “లినక్స్-ఫర్మ్‌వేర్” పేరుతో మొదలయ్యే ప్యాకేజీల్లో, ఫెడోరాలో ఇంటెల్ కార్డులకి “ఐడబ్ల్యూఎల్” అని మొదలయ్యే ప్యాకేజీల్లో, డెబియన్‌లో ఇంటెల్ కార్డులకి “ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యూఎల్‌వైఫై”లో ఉంటుంది. డెబియన్ 12 నుంచి, అంటే 2023 నుంచి, ఇన్‌స్టాలర్‌లోనే ఇవి వస్తున్నాయి. అంతకుముందు వెర్షన్లలో మనమే విడిగా తెచ్చుకోవాలి.

ఏ కంపెనీ కార్డుకి ఏ డ్రైవర్?

ఇంటెల్ కార్డులకి “ఐడబ్ల్యూఎల్‌వైఫై”, ఇది కెర్నెల్‌లోనే ఉంటుంది, ఫర్మ్‌వేర్ ఉంటే చాలు. నా అనుభవంలో అన్నిటికంటే తక్కువ తలనొప్పి ఇచ్చేవి ఇవే. అథెరోస్ పాత కార్డులకి “ఏటీహెచ్9కే”, పీసీఐ రకం కార్డులైతే దీనికి ఫర్మ్‌వేర్ కూడా అక్కర్లేదు. తర్వాత వచ్చిన క్వాల్‌కామ్ వాటికి ఏటీహెచ్10కే, ఏటీహెచ్11కే.

మీడియాటెక్ ఎంటీ7921కి డ్రైవర్ 2021లో 5.12 కెర్నెల్‌తో వచ్చింది, అంతకంటే పాత కెర్నెల్ వాడుతుంటే ఎంత వెతికినా లాభం లేదు, కెర్నెల్ మార్చాల్సిందే. ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో ఆర్‌జెడ్616 అని కనిపించేది కూడా మీడియాటెక్ కార్డే, పేరు మాత్రమే వేరు.

రియల్‌టెక్ దగ్గరే అసలు ఇబ్బంది. ఒకప్పుడు వీటికి బయటి నుంచి సోర్స్ తెచ్చి కంపైల్ చేసుకునేవాళ్లం. 2019లో 5.2 కెర్నెల్‌తో ఆర్‌టీడబ్ల్యూ88, 2022 జనవరిలో 5.16తో ఆర్‌టీడబ్ల్యూ89 కెర్నెల్‌లోకి వచ్చాక చాలా మోడళ్లకి ఆ బాధ తప్పింది. కాబట్టి పాత ట్యుటోరియల్ చూసి బయటి డ్రైవర్ కంపైల్ చేసే ముందు, కొత్త కెర్నెల్‌తో అదంతట అదే వస్తుందేమో చూడండి.

బ్రాడ్‌కామ్‌లో కొన్నిటికి కెర్నెల్ డ్రైవర్లు, కొన్నిటికి “డబ్ల్యూఎల్” అనే మూసిన సోర్స్ డ్రైవర్. డెబియన్‌లో అది “బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎంఎస్”, ఉబుంటులో “బీసీఎండబ్ల్యూఎల్-కెర్నెల్-సోర్స్”. ఉబుంటులో అదనపు డ్రైవర్ల విండో తెరిస్తే అదే సూచిస్తుంది.

ఆర్‌ఎఫ్‌కిల్‌లో హార్డ్ బ్లాక్డ్ అని వస్తోంది, అన్‌బ్లాక్ అంటే వినట్లేదు

ఆర్‌ఎఫ్‌కిల్ అంటే రేడియోలని ఆపే, వదిలే కమాండ్. “ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్” రెండు రకాల తాళాలు చూపిస్తుంది. సాఫ్ట్ బ్లాక్ అంటే సాఫ్ట్‌వేర్ వేసిన తాళం, “ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై” అంటే పోతుంది. హార్డ్ బ్లాక్ హార్డ్‌వేర్ వైపు నుంచి వస్తుంది, దాన్ని ఏ కమాండూ తీయలేదు. ల్యాప్‌టాప్ అంచున చిన్న జరిపే స్విచ్ ఉందేమో వేలితో తడిమి చూడండి, లేదా ఎఫ్ఎన్ కీతో కలిపి ఏరోప్లేన్ బొమ్మ ఉన్న కీ నొక్కి మళ్లీ లిస్ట్ చూడండి.

స్విచ్చే లేని ల్యాప్‌టాప్ హార్డ్ బ్లాక్ చూపిస్తుంటే, ల్యాప్‌టాప్ కంపెనీ కీల కోసం ఉండే కెర్నెల్ మాడ్యూల్ తప్పు సమాచారం ఇస్తూ ఉండొచ్చు. కొన్ని లెనోవో మోడళ్లలో “ఐడియాప్యాడ్_ల్యాప్‌టాప్”, కొన్ని ఏసర్‌లలో “ఏసర్_డబ్ల్యూఎంఐ” ఇలా చేశాయి. “సూడో మోడ్‌ప్రోబ్ -ఆర్” పక్కన ఆ మాడ్యూల్ పేరు పెట్టి తీసేసి చూడండి. వైఫై వస్తే దాన్ని “/ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డీ” కింద ఒక ఫైల్‌లో బ్లాక్‌లిస్ట్ చేయండి. తీసేయడం వల్ల కొన్ని ఎఫ్ఎన్ కీలు పనిచేయకపోవచ్చు.

సెక్యూర్ బూట్‌కీ వైఫైకీ ఏం సంబంధం?

సెక్యూర్ బూట్ అంటే నమ్మకమైన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే రక్షణ. కెర్నెల్‌తో వచ్చిన డ్రైవర్లకి సంబంధం లేదు, అవి సంతకంతోనే వస్తాయి. మీ మెషీన్‌లోనే కంపైల్ అయ్యే డ్రైవర్లకి ఆ సంతకం ఉండదు, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే కెర్నెల్ వాటిని లోపలికి రానివ్వదు. “కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్” అన్న మెసేజ్ దీని గుర్తు. “మోక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్” కొడితే ఆన్‌లో ఉందో లేదో చెబుతుంది. ఉబుంటులో ఇలాంటి డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడుగుతుంది, తర్వాత రీస్టార్ట్‌లో నీలం స్క్రీన్ వస్తుంది. అక్కడ ఎన్‌రోల్ మోక్ (మీ సొంత సంతకం కీని నమోదు చేయడం) ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ నీలం స్క్రీన్ కొద్ది సెకన్లే ఆగుతుంది, అదేంటో తెలియక చాలామంది వదిలేస్తారు, ఆ తర్వాత డ్రైవర్ వేసినా రావట్లేదని రోజుల తరబడి టెన్షన్ పడతారు.

విండోస్‌లో బాగానే వస్తోంది, లినక్స్‌లోకి వస్తే ఉండదు

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నది పూర్తి షట్‌డౌన్ కాదు, సగం నిద్ర. కార్డు ఆ స్థితిలోనే లినక్స్ చేతికి వస్తే కొన్నిసార్లు స్పందించదు. విండోస్ పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. తీసే ముందు ఇదే కారణమో కాదో చూడాలంటే విండోస్‌లో షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ నొక్కి లినక్స్‌లోకి రండి, రీస్టార్ట్‌లో ఆ సగం నిద్ర ఉండదు.

యూఎస్‌బీ వైఫై అడాప్టర్ పెడితే సీడీ డ్రైవ్‌లా కనిపిస్తోంది

కొన్ని అడాప్టర్లు తమలోనే విండోస్ డ్రైవర్ దాచుకుని, పెట్టగానే ముందు సీడీలా పరిచయం చేసుకుంటాయి. “ఎల్ఎస్‌యూఎస్‌బీ”లో 0బీడీఏ:1ఏ2బీ అని కనిపిస్తే అది సీడీ వేషంలో ఉన్న రియల్‌టెక్ అడాప్టరే. “యూఎస్‌బీ-మోడ్‌స్విచ్” ప్యాకేజీ వేసి, అడాప్టర్ తీసి మళ్లీ పెట్టండి. మామూలుగా ఆ తర్వాత నంబరు మారి అసలు రూపంలోకి వస్తుంది.

పాత కార్డు తీసేసి కొత్తది వేద్దామనుకుంటున్నాను, ఏది కొనాలి?

ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్210 మామూలు పీసీఐ కార్డులు, ఎం.2 స్లాట్ ఉన్న ఏఎండీ ల్యాప్‌టాప్‌లో కూడా పనిచేస్తాయి. చివర 1 ఉన్న ఏఎక్స్201, ఏఎక్స్211 అలా కాదు. వాటి పనిలో సగం ఇంటెల్ చిప్‌సెట్ లోపలే ఉంటుంది, ఆ చిప్‌సెట్ లేని ల్యాప్‌టాప్‌లో అసలు కనపడనే కనపడవు. ఒక్క అంకె తేడాతో తప్పు కార్డు కొన్నవాళ్లని చూశాను, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను. కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల బయాస్ తన లిస్టులో లేని కార్డు పెడితే బూటే కాదు, అది కూడా కొనేముందే కనుక్కోండి.

## నెట్‌వర్క్ పేరు కనపడనప్పుడు

వైఫై ఆన్‌లో ఉంది, లిస్టు మాత్రం ఖాళీ

“ఎన్ఎంసీఎల్ఐ డివైస్” కొట్టి వైఫై ఎదురుగా ఏం రాసుందో చూడండి. అన్‌అవైలబుల్ అని ఉంటే రేడియో ఆఫ్‌లో ఉండొచ్చు, ఫర్మ్‌వేర్ ఎక్కకపోయి ఉండొచ్చు, లేదా వెనక నడుస్తూ పాస్‌వర్డ్ పని చూసే డబ్ల్యూపీఏ-సప్లికెంట్ ఆగిపోయి ఉండొచ్చు. అన్‌మేనేజ్డ్ అని ఉంటే నెట్‌వర్క్‌మేనేజర్ ఆ కార్డు తనది కాదనుకుంటోంది. డెబియన్‌లో దీనికి మామూలు కారణం “/ఈటీసీ/నెట్‌వర్క్/ఇంటర్‌ఫేసెస్” ఫైల్‌లో వైఫై పేరు ఉండిపోవడం. నెట్ ద్వారా ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఇన్‌స్టాలర్ రాసిన లైన్లు అవి. ఆ లైన్ల ముందు హ్యాష్ గుర్తు పెట్టి నెట్‌వర్క్‌మేనేజర్‌ని రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది.

పక్కవాళ్ల వైఫైలన్నీ కనిపిస్తున్నాయి, మాది ఒక్కటే కనపడదు

రౌటర్ ఏ ఛానెల్‌లో ఉందో చూడండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో 12, 13 ఛానెళ్లు కొన్ని దేశాల్లో అనుమతించరు, కాబట్టి ల్యాప్‌టాప్ తాను ఏ దేశంలో ఉందో తెలియకపోయినా, తప్పుగా అనుకున్నా ఆ ఛానెళ్లలోని నెట్‌వర్క్‌లతో కలవకపోవచ్చు. “ఐడబ్ల్యూ రెగ్ గెట్” అంటే దేశం కోడ్ వస్తుంది. 00 అని ఉంటే ఏ దేశమో తెలియదని అర్థం. “సూడో ఐడబ్ల్యూ రెగ్ సెట్” పక్కన మీ దేశం రెండక్షరాల కోడ్ పెట్టి చూడండి, లేదా రౌటర్‌లో ఛానెల్ 1, 6, 11లో ఏదో ఒకటి పెట్టేయండి.

5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్లలో రాడార్లకి అడ్డు రాకూడదన్న నియమం ఉంది. రౌటర్ ఆన్ అయ్యాక కనీసం ఒక నిమిషం విని, రాడార్ లేదనుకున్నాకే ప్రసారం మొదలుపెడుతుంది. రాడార్ తగిలితే ఛానెల్ వదిలేసి వెళ్లిపోతుంది కూడా. రౌటర్ ఆన్ చేసిన వెంటనే 5 గిగాహెర్ట్జ్ పేరు కనపడకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. 36 నుంచి 48 మధ్య ఛానెల్ పెడితే ఆ నిరీక్షణ ఉండదు. ఇక పాత కార్డుకి 5 గిగాహెర్ట్జ్ రేడియోయే లేకపోతే ఏ సెట్టింగూ దాన్ని చూపించలేదు. “ఐడబ్ల్యూ లిస్ట్”లో బ్యాండ్ 2 అన్న భాగం ఉందో లేదో చూడండి.

## పేరు కనిపిస్తుంది, కలవదు

పాస్‌వర్డ్ కరెక్టే, అయినా మళ్లీ మళ్లీ అడుగుతోంది

ముందు ఆ నెట్‌వర్క్ కోసం సేవ్ అయిన పాత ప్రొఫైల్ తీసేయండి: “ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ డిలీట్” పక్కన నెట్‌వర్క్ పేరు. రౌటర్‌లో పాస్‌వర్డో సెక్యూరిటీ రకమో మారినా ప్రొఫైల్ పాత విషయాన్నే పట్టుకుని ఉంటుంది. తర్వాత పాస్‌వర్డ్ కనిపించేలా పెట్టుకుని టైప్ చేయండి. కీబోర్డ్ లేఅవుట్ వేరే భాషలో ఉంటే చుక్కల వెనక ఏం పడుతోందో తెలియదు.

లాగ్‌లో “రాంగ్_కీ” అని వచ్చినా నిజంగా పాస్‌వర్డే తప్పు కానక్కర్లేదు. రౌటర్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య నాలుగు మెసేజ్‌ల మార్పిడి జరుగుతుంది, అది సగంలో తెగినా ఇదే మాట రాస్తుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్న గదిలో ఇలా జరగొచ్చు, కాబట్టి రౌటర్ పక్కన కూర్చుని ఒకసారి ప్రయత్నించండి. రౌటర్‌లో డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపి పెట్టి ఉంటే పరీక్ష కోసం డబ్ల్యూపీఏ2-ఏఈఎస్ మాత్రమే పెట్టి చూడండి. దాంతో కలిసిందంటే మీ కార్డు డ్రైవర్‌కి డబ్ల్యూపీఏ3 సరిగ్గా రాదని తేలినట్టే, బ్రాడ్‌కామ్ డబ్ల్యూఎల్ డ్రైవర్‌తో ఇది మామూలు.

ఆఫీసులో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ అడిగే వైఫై ఉంది. ఫోన్ కలుస్తుంది, ల్యాప్‌టాప్ కలవదు

ఐటీ వాళ్ల దగ్గర నాలుగు విషయాలు రాయించుకోండి: అథెంటికేషన్ రకం (సాధారణంగా పీఈఏపీ లేదా టీటీఎల్ఎస్), లోపలి రకం (ఎంఎస్‌చాప్‌వీ2 లేదా పీఏపీ), సీఏ సర్టిఫికెట్ ఫైల్ (సర్వర్ నిజమైనదేనని తేల్చేది), సర్వర్ డొమైన్ పేరు. సర్టిఫికెట్ అక్కర్లేదు అనే పెట్టె టిక్ చేస్తే కలిసిపోవచ్చు, కానీ అదే పేరుతో దొంగ వైఫై పెట్టినవాడికి మీ పాస్‌వర్డ్ చిక్కుతుంది. దయచేసి అలా వదిలేయకండి.

అన్నీ సరిగ్గా ఇచ్చినా, డిస్ట్రో కొత్త వెర్షన్‌కి మారాకే ఆగిపోయి, లాగ్‌లో “అన్‌సపోర్టెడ్ ప్రోటోకాల్” అనో “అన్‌సేఫ్ లెగసీ రీనెగోషియేషన్ డిజేబుల్డ్” అనో ఉంటే తప్పు మీది కాదు. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3 వచ్చాక పాత పద్ధతులు ఒప్పుకోవట్లేదు, ఆఫీస్ సర్వర్ పాతది. ఆ లైను కాపీ చేసి ఐటీ వాళ్లకి పంపండి.

కొత్త యూఎస్‌బీ అడాప్టర్ నెట్‌వర్క్‌లు చూపిస్తుంది, ఒక్కదానికీ కలవదు

స్కాన్ చేసేటప్పుడు నెట్‌వర్క్‌మేనేజర్ మ్యాక్ అడ్రస్‌ని (కార్డు హార్డ్‌వేర్ గుర్తింపుని) తాత్కాలికంగా మారుస్తుంది, మిమ్మల్ని ఎవరూ వెంటాడకుండా. కొన్ని అడాప్టర్ల డ్రైవర్లు ఆ మార్పుని తట్టుకోలేవు. “/ఈటీసీ/నెట్‌వర్క్‌మేనేజర్/కాన్ఫ్.డీ” కింద కొత్త ఫైల్‌లో చదరపు బ్రాకెట్లలో డివైస్ అని రాసి, కింది లైనులో “వైఫై.స్కాన్-ర్యాండ్-మ్యాక్-అడ్రస్=నో” పెట్టి రీస్టార్ట్ చేయండి. రౌటర్‌లో మ్యాక్ ఫిల్టర్ పెట్టినవాళ్లు మాత్రం కొత్త అడాప్టర్ అడ్రస్ అందులో చేర్చాలి.

## కలిసింది, నెట్ లేదు

కనెక్టెడ్ అంటోంది, ఏ సైటూ తెరుచుకోదు

పింగ్ అంటే ఒక అడ్రస్ జవాబిస్తుందో లేదో చూసే కమాండ్. మూడు పింగ్‌లు చేయండి. “ఐపీ రూట్” కొడితే డీఫాల్ట్ అన్న లైనులో రౌటర్ అడ్రస్ ఉంటుంది, తరచుగా 192.168తో మొదలవుతుంది. ముందు దానికి పింగ్. జవాబు రాకపోతే ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్యే గొడవ. వస్తే 1.1.1.1కి పింగ్. అది రాకపోతే రౌటర్ దాటి బయటికి దారి లేదు, మీ ఇంటర్నెట్ కంపెనీనో రౌటర్‌నో చూడాలి. అదీ వస్తే వికీపీడియా డాట్ ఆర్గ్ అని పేరుతో పింగ్. అంకెలకి వచ్చి పేరుకి రాకపోతే సమస్య డీఎన్ఎస్‌ది. నేనైతే ఈ మూడూ చేయకుండా ఏ సెట్టింగూ ముట్టుకోను.

డాకర్ వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోండి. డాకర్ 172.17తో మొదలయ్యే అడ్రస్‌లు తన కోసం తీసుకుంటుంది, వైఫై నెట్‌వర్క్ కూడా అవే అడ్రస్‌లు వాడుతుంటే ప్యాకెట్లు దారి తప్పుతాయి.

ఐపీ అడ్రస్ 169.254తో మొదలవుతోంది. ఇదేంటి?

రౌటర్ అడ్రస్ ఇవ్వకపోతే, ల్యాప్‌టాప్ తనకి తాను పెట్టుకునే అడ్రస్ అది. దానితో నెట్ రాదు. అడ్రస్ ఇచ్చేది డీహెచ్‌సీపీ. రౌటర్‌ని ఆపి ఆన్ చేయండి, దాని దగ్గరున్న అడ్రస్‌ల కోటా నిండిపోయి ఉండొచ్చు. మిగతా పరికరాలకి బాగానే వస్తుంటే మీ ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్‌మేనేజర్‌తో పాటు డీహెచ్‌సీపీసీడీ లాంటి ఇంకో సర్వీస్ కూడా నడుస్తూ రెండూ కొట్టుకుంటున్నాయేమో చూడండి. ఆర్చ్‌లో ఒకటి వేసి, అది మరిచి ఇంకొకటి వేసినవాళ్లకి ఇది తరచుగా జరుగుతుంది. ఒకటే ఉంచండి.

డీఎన్ఎస్ సమస్య అని తేలింది, ఇప్పుడేం చేయాలి?

“రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్”లో వైఫై కింద డీఎన్ఎస్ సర్వర్ ఏదైనా ఉందా చూడండి. ఏమీ లేకపోతే, వీపీఎన్ ఒకటి ఆగిపోతూ సెట్టింగ్స్ తిరిగి పెట్టకపోయి ఉండొచ్చు. “/ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్” ఫైల్‌లో 127.0.0.53 ఉంటే తప్పేమీ కాదు, సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డీ పద్ధతే అది. ఆ ఫైల్ చేత్తో మార్చకండి, రీస్టార్ట్‌కి పోతుంది. వైఫై ప్రొఫైల్ ఐపీవీ4 భాగంలో డీఎన్ఎస్ దగ్గర ఆటోమేటిక్ ఆపి 1.1.1.1 లేదా 9.9.9.9 రాసి, వైఫై ఆపి మళ్లీ కలపండి.

హోటల్ వైఫైకి కలిసింది, లాగిన్ పేజీ రాదు

లాగిన్ పేజీ చూపించాలంటే ఆ నెట్‌వర్క్ మీ వెబ్ అభ్యర్థనని మధ్యలో పట్టుకోవాలి, హెచ్‌టీటీపీఎస్ సైట్‌తో అది కుదరదు. బ్రౌజర్‌లో నెవర్‌ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ తెరవండి, ఆ సైట్ ఉన్నదే ఇందుకు. అయినా రాకపోతే వీపీఎన్, బ్రౌజర్‌లోని సెక్యూర్ డీఎన్ఎస్, మీరు చేత్తో పెట్టుకున్న డీఎన్ఎస్ మూడూ తాత్కాలికంగా ఆపి మళ్లీ తెరవండి.

## వస్తూ పోతూ ఉంటే

అయిదు పది నిమిషాలకోసారి తెగిపోతోంది

ముందు పవర్ సేవింగ్ ఆపి చూడండి. “ఐడబ్ల్యూ డెవ్” అంటే మీ వైఫై ఇంటర్‌ఫేస్ పేరు వస్తుంది, డబ్ల్యూఎల్ అని మొదలవుతుంది. తర్వాత “సూడో ఐడబ్ల్యూ డెవ్”, ఆ పేరు, “సెట్ పవర్_సేవ్ ఆఫ్”. ఒక గంట వాడండి. తెగడం ఆగితే దాన్ని శాశ్వతం చేయండి: “/ఈటీసీ/నెట్‌వర్క్‌మేనేజర్/కాన్ఫ్.డీ”లో కనెక్షన్ అన్న భాగం కింద “వైఫై.పవర్‌సేవ్=2”. ఇక్కడ 2 అంటే ఆపడం, 3 అంటే ఆన్ చేయడం, తిరగేసి పెట్టకండి. ఉబుంటులో అక్కడే “డీఫాల్ట్-వైఫై-పవర్‌సేవ్-ఆన్.కాన్ఫ్” అనే ఫైల్ ఉంటుంది, అందులోని 3ని 2 చేస్తే చాలు. బ్యాటరీ కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది.

మూత మూసి తెరిస్తే వైఫై మాయం

నిద్ర నుంచి లేచినప్పుడు కార్డు సరిగ్గా లేవట్లేదు. డ్రైవర్ తీసి మళ్లీ ఎక్కించండి. ఇంటెల్ అయితే చాలా కార్డులకి “సూడో మోడ్‌ప్రోబ్ -ఆర్ ఐడబ్ల్యూఎల్‌ఎంవీఎం ఐడబ్ల్యూఎల్‌వైఫై”, తర్వాత “సూడో మోడ్‌ప్రోబ్ ఐడబ్ల్యూఎల్‌వైఫై”. ఎంవీఎం ముందు రావాలి, లేకపోతే వాడకంలో ఉందని ఒప్పుకోదు. మిగతా కార్డులకి “ఎల్ఎస్‌పీసీఐ -కే” చూపించే మాడ్యూల్ పేరుతో ఇదే పని. బయాస్ అప్‌డేట్, కొత్త కెర్నెల్ ఈ జబ్బుని తరచుగా పూర్తిగా నయం చేస్తాయి.

రౌటర్ పక్కనే కూర్చున్నా స్పీడ్ లేదు

“ఐడబ్ల్యూ డెవ్”, ఇంటర్‌ఫేస్ పేరు, “లింక్” కొడితే సిగ్నల్ డీబీఎంలో వస్తుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. రౌటర్ ఉన్న గదిలో -40, -50 దగ్గర ఉండాలి. -67 దాకా ఫర్వాలేదు, -80కి చేరితే ఆశ లేదు. పక్కనే కూర్చున్నా -75 వస్తోందంటే యాంటెన్నా తీగ ఊడిందేమో అనుకోవాలి. ఒకసారి నేను ఎస్ఎస్‌డీ మార్చడానికి మూత విప్పినప్పుడు ఇదే జరిగింది. కార్డు మీద గుండీ లాంటి చిన్న బంగారు రంగు కనెక్టర్లు రెండు, వాటి మీద సన్నటి నల్ల తీగ, తెల్ల తీగ. నల్లది పైకి లేచి ఉంది, చూస్తే మాత్రం కూర్చున్నట్టే కనిపిస్తుంది. వేలి గోరుతో నేరుగా కిందికి నొక్కితే టిక్‌మని పట్టుకుంది, సిగ్నల్ వెంటనే -45కి వచ్చింది.

సిగ్నల్ బాగుండీ నెమ్మదిగా ఉంటే, బ్లూటూత్ హెడ్‌సెట్ ఆపి చూడండి, రెండూ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే ఉంటాయి. యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ కూడా అదే బ్యాండ్‌లో రొద చేస్తుంది, ఇంటెల్ దీని మీద 2012లోనే పత్రం రాసింది. 5 గిగాహెర్ట్జ్‌కి మారితే ఈ రెండు బాధలూ ఉండవు.

## అప్‌డేట్ తర్వాత

నిన్నటిదాకా వచ్చింది, అప్‌డేట్ చేశాక పోయింది

రీస్టార్ట్ చేసి, గ్రబ్ మెనూలో (బూట్ అయ్యేటప్పుడు వచ్చే ఎంపికల జాబితాలో) అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నెల్ ఎంచుకోండి. వైఫై వస్తే కారణం కెర్నెలే, ఈలోగా మీ పనీ ఆగదు. బయటి డ్రైవర్ వాడేవాళ్లు “డీకేఎంఎస్ స్టేటస్” చూడండి, కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా డ్రైవర్‌ని కంపైల్ చేసేది డీకేఎంఎస్సే. కొత్త కెర్నెల్ వెర్షన్ ఎదురుగా ఇన్‌స్టాల్డ్ అని లేకపోతే డ్రైవర్ దానికోసం కంపైల్ కాలేదు. చాలాసార్లు కెర్నెల్ హెడర్స్ ప్యాకేజీ లేకపోవడమే కారణం. అది వేసి “సూడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్” అనండి.

కొత్త ఎస్ఎస్‌డీ వేస్తే వైఫై ఎందుకు పోయింది?

వైఫై పేరు డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 లాంటిదైతే అందులో 2 అన్నది కార్డు ఉన్న పీసీఐ బస్ నంబరు. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ చేరితే ఆ నంబర్లు జరిగి పేరు డబ్ల్యూఎల్‌పీ3ఎస్0 కావచ్చు. కార్డుకి ఏమీ కాలేదు, పాత పేరు రాసి ఉన్న నెట్‌ప్లాన్ (ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగ్స్) ఫైలో ప్రొఫైలో దాన్ని గుర్తుపట్టట్లేదు. “ఐపీ లింక్”లో కొత్త పేరు చూసి అక్కడ మార్చండి.

## సాయం అడిగేటప్పుడు

ఎవరినైనా అడగాలంటే ఏమేం చెప్పాలి?

డిస్ట్రో పేరు, వెర్షన్, “యూనేమ్ -ఆర్” ఇచ్చే కెర్నెల్ నంబరు, “ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే”లో వైఫై భాగం, “ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్”, “ఎన్ఎంసీఎల్ఐ డివైస్”, కనెక్ట్ నొక్కిన క్షణంలో లాగ్ లైన్లు. ఫోటో కాదు, టెక్స్ట్ పెట్టండి, ఎర్రర్ లైను కాపీ చేసి వెతకడానికి వీలవుతుంది. సమస్య ఎప్పుడు మొదలైందో, దానికి ముందురోజు ఏం మార్చారో కూడా రాయండి. “/ఈటీసీ/నెట్‌వర్క్‌మేనేజర్/సిస్టమ్-కనెక్షన్స్” లోని ఫైల్ ఎవరైనా పెట్టమంటే మాత్రం పీఎస్‌కే= అన్న లైను చెరిపేశాకే పెట్టండి, అక్కడ మీ వైఫై పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్టుగా రాసి ఉంటుంది.